పేరు కూడా తెలియని మనిషి పోతే ఏడుపెందుకు వస్తుంది?

సాయంకాలం
ఇది ఎవరికి చెప్పినా నవ్వుతారేమోనని ఇన్నాళ్లూ చెప్పలేదు. నేను రోజూ పొద్దున్న ఆఫీసుకి బస్సులో వెళ్తాను. అదే స్టాప్‌లో ఒక పెద్దాయన ఎక్కేవారు. ఏళ్ల తరబడి చూశాను, ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. నేను ఆలస్యమై పరిగెత్తుకుంటూ వస్తే ఆయన ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి, రెండోది కిందే ఉంచి నిలబడేవారు, బస్సు కదలకుండా. నేను దగ్గరికి వచ్చాక ఎక్కేసేవారు. నా వైపు చూసేవారు కూడా కాదు. నేను థాంక్స్ చెప్పిందీ లేదు.

కొన్నాళ్లుగా కనబడలేదు. కండక్టర్‌ని అడిగితే గుండెపోటుతో పోయారన్నాడు. ఆ రోజు ఆఫీసు వాష్‌రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాను. మా సొంత పెద్దనాన్న పోయినప్పుడు కూడా నాకింత ఏడుపు రాలేదు. ఆయన నాకేమవుతారని? ఇంట్లో చెబితే "టెన్షన్ ఎక్కువైంది నీకు" అంటారు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

మొండిఘటం
సూటిగా అడుగుతున్నా, ఏమనుకోకండి. ప్రపంచంలో ఏటా సుమారు 6 కోట్ల మంది చనిపోతున్నారు. అంటే రోజుకి లక్షా అరవై వేల పైనే. ఇది చదివి ముగించేలోపు వందల మంది పోతారు. అందరికీ ఏడవలేం కదా. మీరు ఏడ్చింది ఆయన కోసం కాదేమో. మీ వయసు, మీ భయం, మీ రోజువారీ అలసట, అన్నీ కలిసి ఒక సాకు వెతుక్కున్నాయేమో. అలా కూడా ఆలోచించండి.

రాత్రిడ్యూటీ
మొండిఘటం గారూ, సాకే అనుకుందాం. అయితే ఏంటి? ఏడుపుకి రసీదు చూపించాలా?

నేను నర్సుని. ఐసీయూలో చేస్తాను. మా దగ్గర పోయేవాళ్లలో చాలామంది పేరు నాకు కేస్ షీట్‌లో చూస్తేనే తెలుస్తుంది. అయినా కొందరు డ్యూటీ దిగాక ఇంటిదాకా వస్తారు. వాళ్లే ఎందుకో చెప్పలేను. ఒకావిడ గోళ్లకి సగం చెరిగిన రంగు ఉంది, అది గుర్తుంది. ఆవిడ జబ్బేంటో గుర్తులేదు.

అమెరికాలోని వర్జీనియాలో ఒక నర్సు మొదలుపెట్టిన పద్ధతి ఉంది, "ద పాజ్" అంటారు. రోగి చనిపోయాక గదిలో ఉన్న డాక్టర్లు, నర్సులు, సహాయకులు అందరూ కాసేపు కదలకుండా, మాట్లాడకుండా నిలబడతారు. నిమిషం కూడా పట్టదు. ప్రార్థనేం కాదు, ఎవరి మతం వాళ్లదే. ఈ మనిషి ఇప్పటిదాకా బతికి ఉన్నారని, ఎవరికో కావలసినవారని గుర్తించడం, అంతే. తరవాత వైర్లు తీసే పని. మేమూ చేయడానికి చూస్తాం, పక్క బెడ్ మానిటర్ మోగకపోతే.

అక్షరాలమూట
సాయంకాలం గారూ, మీరు అడిగిన "ఆయన నాకేమవుతారు" అన్న ప్రశ్నని అమెరికన్ మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ ఎప్పుడో పట్టుకున్నాడు. కరెంటు షాకుల విధేయత ప్రయోగాల మిల్‌గ్రామే. 1972లో "ఫెమిలియర్ స్ట్రేంజర్", అంటే ముఖం తెలిసిన అపరిచితుడి గురించి రాశాడు. ఆయన విద్యార్థులు పొద్దున రైలు ప్లాట్‌ఫామ్ మీద నిలబడ్డవాళ్లని ఫొటోలు తీశారు. ఆ ఫొటోల కాపీలు తీసుకుని మళ్లీ వెళ్లి, అదే ప్రయాణికులకి పంచి, వీళ్లలో మీకు ఎవరెవరు తెలుసని అడిగారు. ఎక్కువమంది, తామెన్నడూ పలకరించని కొందరిని గుర్తుపట్టారు. కొందరి గురించి ఊహాగానాలు కూడా ఉన్నాయి: ఈయన ఏం ఉద్యోగం చేస్తాడో, ఈవిడ ఎందుకు దిగులుగా ఉంటుందో.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి. మాట్లాడకపోవడం కూడా ఒక సంబంధమే అంటాడు మిల్‌గ్రామ్. ఇద్దరూ కలిసి పాటించే ఒప్పందం అది. అదే ఇద్దరు ఏ పరాయి దేశంలోనో ఎదురుపడితే పాత స్నేహితుల్లా పలకరించుకుంటారట. అంటే పరిచయం ఉంది, దానికి సందర్భం రాలేదు. మీ విషయంలో ఇక ఎప్పటికీ రాదు. ఏడుపు అందుకేనేమో.

సాయంకాలం
ఇది చదివి మళ్లీ ఏడుపొచ్చింది. కానీ ఈసారి వేరేలా. థాంక్స్ అండీ.

కోడ్‌కూలీ
మా టీమ్‌లో ఒకాయన హఠాత్తుగా పోయారు. శుక్రవారం ఆయన పెట్టిన వారాంతపు రివ్యూ మీటింగ్ ఒకటి ఉంది, ఎండ్ డేట్ లేకుండా సెట్ చేసి పెట్టారు. ఇప్పటికీ ప్రతి శుక్రవారం పదిహేను నిమిషాల ముందు ఆయన పేరుతో రిమైండర్ వస్తుంది. ఆర్గనైజర్ ఆయనే కాబట్టి మేమెవరం క్యాన్సిల్ చేయలేం. ఎవరి క్యాలెండర్ నుంచి వాళ్లు తీసేసుకోవచ్చు. ఒక్కరూ తీయలేదు. దాని గురించి మాట్లాడనూ మాట్లాడరు.

హెచ్ఆర్ నుంచి మెయిల్ వచ్చింది, నాలుగు లైన్లు. ఆ కిందే ఆయన టికెట్లు, అంటే ఆయన చేతిలో ఉన్న పనులు, ఎవరెవరికి వెళ్తాయో పట్టిక. తప్పని అనను, పని ఆగదు. కానీ రెండూ ఒకే మెయిల్‌లో పెట్టాలా?

మొండిఘటం
అడ్మిన్ తలుచుకుంటే మీటింగ్ తీసేయొచ్చు. ఐటీ వాళ్లకి ఒక టికెట్ (రిక్వెస్ట్) పెట్టండి చాలు.

కోడ్‌కూలీ
తెలుసన్నా. పెట్టలేదు.

వెలుతురుకిటికీ
నాది ఇంకా ఇబ్బందికరమైన లెక్క. నా మాజీ భర్త పోయినేడాది పోయారు. విడాకులై చాలా ఏళ్లు. కబురు కూడా ఎవరో ఒక గ్రూపులో పెడితే చూశాను. వెళ్లలేదు. వెళ్తే ఏ వరసలో కూర్చోవాలి? అక్కడ ఆయన భార్య ఉంటుంది, పిల్లలు ఉంటారు. మా వాళ్లేమో "పీడా పోయింది, నీకెందుకే" అన్నారు. నాకు ఆయన మీద ఉన్న కోపం ఎక్కడికీ పోలేదు. కానీ నాకు ఇరవై రెండేళ్లప్పుడు నేనెలా ఉండేదాన్నో తెలిసిన మనిషి ఆయనొక్కరే. ఇప్పుడు ఆ అమ్మాయికి సాక్షి లేదు.

సెలవు పెట్టాలంటే ఫారంలో "మృతులతో సంబంధం" అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేసి, జ్వరమని రాశాను.

అక్షరాలమూట
వెలుతురుకిటికీ గారూ, ఆ గడి గురించే, దుఃఖం మీద పరిశోధన చేసే కెన్నెత్ డోకా 1989లో ఒక పుస్తకం తెచ్చారు. బహిరంగంగా ఒప్పుకోవడానికి, నలుగురిలో ఏడవడానికి, ఓదార్పు అందుకోవడానికి వీలులేని దుఃఖం గురించి. మాజీ భార్యాభర్తలు, బయటికి చెప్పుకోలేని ప్రేమలు, కడుపులోనే పోయిన బిడ్డలు, పెంపుడు జంతువులు, తోటి ఉద్యోగులు, అన్నీ అందులోకే వస్తాయి. డోకా మాటల సారం ఏంటంటే, ప్రతి సమాజానికీ దుఃఖం విషయంలో రాయని నిబంధనలు ఉంటాయి: ఎవరు, ఎవరి కోసం, ఎన్నాళ్లు, ఎలా ఏడవాలని. ఆ జాబితాలో లేనివాళ్లకి బాధ తగ్గదు. ఓదార్చేవాళ్లు మాత్రం తగ్గుతారు.

మొండిఘటం
ఇన్ని పుస్తకాలు ఎందుకండీ. 2,300 ఏళ్ల కిందటే గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ తేల్చేశాడు. మనం ఉన్నంతసేపు చావు లేదు, చావు వచ్చాక మనం లేం. ఇంక భయమెందుకు, బాధెందుకు? నేనైతే దీన్ని నమ్ముకునే బతుకుతున్నా. హాయిగా ఉన్నా.

రిటైర్డ్ మాస్టారు
మొండిఘటం గారూ, ఎపిక్యూరస్‌ని నేనూ పిల్లలకి పాఠంగా చెప్పాను. చక్కటి తర్కం. కానీ అది పోయేవాడికి సంబంధించింది. మా ఆవిడకి అది వర్తిస్తుంది, ఒప్పుకుంటాను. ఆవిడకిప్పుడు ఏ బాధా లేదు. మంచానికి ఇవతలి పక్కన పడుకుంటున్నవాడి గురించి ఆయన వాదన ఏమీ చెప్పదు. చావు వచ్చింది, నేనున్నాను. రెండూ ఒకేసారి ఉన్నాయి.

ఇంకో సంగతి. పరామర్శకి వచ్చిన ప్రతివారూ "ఏ సాయం కావాలన్నా అడగండి మాస్టారూ" అని వెళ్లారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ ఏం కావాలో తెలిసే స్థితిలో ఉంటే అది దుఃఖమే కాదు. ఒక్క కుర్రాడు మాత్రం ఏమీ అనలేదు. నా పక్కన కూర్చుని మరణ ధ్రువీకరణ పత్రం దరఖాస్తు నింపి, కాపీలు దండిగా తీయించి పెట్టాడు. బ్యాంకు, బీమా, పెన్షన్ ఆఫీసు, ఫోన్ కంపెనీ, అందరూ తలా ఒకటి అడుగుతారని వాడికి తెలుసు. ఆ కవరు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. మిగతావాళ్లు చెప్పిన మాటలు ఒక్కటీ గుర్తులేవు.

ఇక చెప్పక తప్పనిది: ఈమధ్య ఒకరోజు టీవీ చూస్తూ గట్టిగా నవ్వాను. నవ్వాక భయమేసింది. అంత త్వరగా మర్చిపోయానా అని.

రాత్రిడ్యూటీ
మర్చిపోలేదు మాస్టారూ. నవ్వినంతమాత్రాన ఆవిడ ఎక్కడికీ పోరు.

గాలిపటం
అందరూ చెప్పే ఐదు దశలు ఉన్నాయి కదా, మొదట నమ్మలేకపోవడం, తరవాత కోపం, బేరం, డిప్రెషన్, చివరికి ఒప్పుకోవడం. మాస్టారు గారు ఐదో దశకి వచ్చారేమో? నాన్న పోయాక నేను రెండో దశలోనే ఇరుక్కుపోయానని మా ఫ్రెండ్ అంటాడు.

అక్షరాలమూట
గాలిపటం, మీ ఫ్రెండ్‌ని పట్టించుకోకు తమ్ముడూ. ఆ దశలు 1969లో ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్ట్ చెప్పినవి. ఆవిడ కూర్చుని మాట్లాడింది చావు దగ్గరపడిన రోగులతో. అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్ల మీద చేసిన పరిశీలన కాదది. తరవాత జనం దాన్ని అందరికీ అంటగట్టారు. అవి వరసగా అందరికీ వస్తాయని ఆవిడా అనలేదు, తరవాతి పరిశోధనల్లోనూ అలా తేలలేదు. నువ్వు ఎక్కడా ఇరుక్కోలేదు.

మాస్టారి నవ్వుకి దగ్గరగా ఉన్నది వేరే ఉంది. 1999లో నెదర్లాండ్స్‌కి చెందిన ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ అనే ఇద్దరు ఒక నమూనా ఇచ్చారు. దుఃఖంలో ఉన్న మనిషి రెండు పనుల మధ్య అటూ ఇటూ ఊగుతుంటాడని. ఒకటి, పోయినవాళ్లని తలుచుకుని కుమిలిపోవడం. రెండోది, వాళ్లు లేని జీవితాన్ని సర్దుకోవడం: బిల్లులు, వంట, కొత్త అలవాట్లు, అప్పుడప్పుడూ నవ్వు. ఇటు వచ్చినంతమాత్రాన అది పారిపోవడం కాదు, అటు వెళ్తే వెనకబడిపోవడమూ కాదు. ఊగడమే ఆరోగ్యం అంటారు వాళ్లు. ఏదో ఒక పక్కనే ఉండిపోతే ఇబ్బంది.

రిటైర్డ్ మాస్టారు
అక్షరాలమూట గారూ, ఈ ఊగడం బాగుంది. కానీ ఎంతకాలమని? మా అబ్బాయి ఎక్కడో చదివి, ఏడాది దాటితే జబ్బు కింద లెక్క నాన్నా అన్నాడు. నా దుఃఖానికి గడువు తేదీ వేశారన్నమాట.

అక్షరాలమూట
మీ అబ్బాయి చెప్పింది సగమే మాస్టారూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణలో "ప్రొలాంగ్డ్ గ్రీఫ్" (తగ్గని దుఃఖం) అన్న పేరు పెట్టాలంటే ఆర్నెల్లు దాటాలని ఉంది. అదే ఏడాది అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన మానసిక జబ్బుల పుస్తకంలో పెద్దవాళ్లకి పన్నెండు నెలలు అంది. కానీ రెండిట్లోనూ గడువు ఒక్కటే చాలదు. పోయినవాళ్ల మీద బెంగ వదలకుండా ఉండి, మనిషి పనులు చేసుకోలేని స్థితిలో ఉండాలి. దుఃఖానికి జబ్బు ముద్ర వేస్తున్నారని డాక్టర్లలోనే గొడవ పడ్డవాళ్లు ఉన్నారు. నాకూ ఆ ముద్ర అంతగా నచ్చదు.

రాత్రిడ్యూటీ
నాకు నచ్చుతుంది. కారణం చెబుతాను. మంచం దిగనివాళ్లని, మందులు మానేసినవాళ్లని, నేనూ వెళ్లిపోతే బాగుండు అనేవాళ్లని చూశాను. వాళ్లకి చుట్టుపక్కలవాళ్లు "కాలమే మాన్పుతుంది" అని చెప్పి ఊరుకుంటారు. ఆ పేరు ఒకటి ఉంటే కనీసం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు. దానికంటూ ప్రత్యేకమైన కౌన్సెలింగ్ పద్ధతులున్నాయి, మామూలు డిప్రెషన్‌కి ఇచ్చేవి కాదు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆర్నెల్లూ వద్దు, ఏడాదీ వద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పాలి.

టీవీ చూసి నవ్వుతున్న మాస్టారికి ఇవేవీ వర్తించవు.

గాలిపటం
అక్కా, నాదొక డౌటు. నాన్న వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు నేను ఏమీ మాట్లాడలేదు. వినబడదేమో, ఎందుకులే అనిపించింది. అందరి ముందూ మొహమాటం కూడా. నిజంగా వినబడదా?

రాత్రిడ్యూటీ
తమ్ముడూ, తెలిసినంతవరకూ చెబుతాను. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 2020లో ఒక అధ్యయనం ప్రచురించారు. హాస్పిస్‌లో, అంటే చావు దగ్గరపడినవాళ్లని చూసుకునే చోట, చివరి గంటల్లో, స్పందన లేని స్థితిలో ఉన్నవాళ్ల మెదడు తరంగాలు రికార్డు చేశారు. కొందరి మెదడు శబ్దాలకి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మెదడు లాగే స్పందించింది. అయితే మాట అర్థమైందా లేదా అన్నది దాన్నిబట్టి చెప్పలేమని వాళ్లే అన్నారు. అందుకే మేం కుటుంబాలకి మాట్లాడమనే చెబుతాం.

నువ్వు గదిలో ఉన్నావు కదా? గదిలో మనిషి ఉంటే చప్పుడు ఉంటుంది. కుర్చీ జరుగుతుంది, దగ్గు వస్తుంది, ఎవరో నిన్ను పేరు పెట్టి పిలుస్తారు. మాట్లాడలేదు అనుకుంటున్నావు గానీ, నువ్వు అక్కడ నిశ్శబ్దంగా లేవు.

గాలిపటం
ఇలా ఎవరూ చెప్పలేదు అక్కా.

నాన్న నంబరు ఇంకా "నాన్న" అనే ఉంది నా ఫోన్‌లో. రీఛార్జ్ చేయలేదు, పోయింది. ఒకరోజు వాట్సాప్‌లో ఆ పేరు పక్కన ఎవరో చిన్న పాప ఫొటో వచ్చింది. పుట్టినరోజు టోపీ పెట్టుకుని. నంబరు ఇంకెవరికో ఇచ్చారు. ముందు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఆ పాప మీద కోపం ఏంటి చెప్పండి. డిలీట్ చేయాలా వద్దా?

మొండిఘటం
పాత మెసేజులన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి, మెయిల్‌లో దాచుకుని, నంబరు తీసేయ్. పొరపాటున ఒక రాత్రి కాల్ వెళ్లిందంటే అవతల ఆ పాప తండ్రి ఎత్తుతాడు.

మరొకటి, ఇది అందరికీ. గూగుల్‌లో "ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్" అని 2013 నుంచీ ఉంది. మనం ఇన్ని నెలలు అకౌంట్ వాడకపోతే ఎవరికి తెలియజేయాలి, ఏమేం ఇవ్వాలి, మొత్తం తుడిచేయాలా అని ముందే పెట్టుకోవచ్చు. ఐఫోన్‌లో "లెగసీ కాంటాక్ట్" ఉంటుంది. ఫేస్‌బుక్‌లోనూ అలాంటిదే ఉంది, పోయాక ఆ పేజీని ఎవరు చూసుకోవాలో ఎంచుకోవచ్చు. నేను అన్నీ పెట్టుకున్నాను.

రిటైర్డ్ మాస్టారు
ఎపిక్యూరస్‌ని నమ్ముకుని హాయిగా ఉన్నానన్న మనిషి ఇన్ని ఏర్పాట్లు ఎవరి కోసం చేసుకున్నారో?

మొండిఘటం
మాస్టారూ, బయటపెట్టేశారు. మా అన్నయ్య యాక్సిడెంట్‌లో పోయాడు. ఫోన్ లాక్ మాకెవరికీ తెలియదు. వాడి చివరి రెండేళ్ల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఫోన్ మా వదిన ఇప్పటికీ ఛార్జింగ్ పెడుతుంది. అందుకే.

చిన్నిగాడి అమ్మ
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. పక్కింటి తాతగారు మొన్న పోయారు. మావాడికి నాలుగేళ్లు, రోజూ ఆయన దగ్గర ఆడుకునేవాడు. నిద్రపోయారని చెప్పాం. ఇప్పుడు రాత్రి పడుకోనంటున్నాడు, నన్నూ పడుకోనివ్వట్లేదు. ఎలా చెప్పాలి?

రాత్రిడ్యూటీ
చనిపోయారనే చెప్పండి అమ్మా. నిద్రపోయారంటే నిద్రకే భయపడతాడు, ఊరెళ్లారంటే ఎదురుచూస్తాడు. "తాతగారి ఒళ్లు పని చేయడం ఆగిపోయింది. ఆయనకిప్పుడు నొప్పి లేదు, ఆకలి లేదు. ఇంక తిరిగి రారు. నిద్రపోవడం వేరు, మనం రోజూ నిద్రపోయి లేస్తాం కదా" అని చిన్న చిన్న మాటల్లో. చావు అంటే తిరిగి రాకపోవడమని చాలామంది పిల్లలకి ఐదు నుంచి ఏడేళ్ల మధ్య అర్థమవుతుంది. అంచేత మీవాడు రేపు మళ్లీ "తాత ఎప్పుడొస్తారు" అంటాడు. ఎల్లుండి కూడా అంటాడు. విసుక్కోకుండా అదే జవాబు చెప్పండి. ఐదు నిమిషాల్లో బొమ్మలతో ఆడుకుంటే బాధ లేదనుకోకండి. వాళ్లు అలాగే, కాస్త ఏడిచి, కాస్త ఆడుకుంటారు. మీకు ఏడుపొస్తే వాడి ముందు దాచుకోనక్కర్లేదు.

వెలుతురుకిటికీ
నాలుగేళ్ల పిల్లాడికి ఇంత శుభ్రంగా చెప్పగలిగినది పెద్దవాళ్లం ఒకరికొకరం ఎందుకు చెప్పుకోం?

ఇదంతా చదివాక నేను ఒక పని చేశాను. నా మాజీ భర్త అక్క నంబరు నా దగ్గర ఉంది. ఆవిడ నన్ను బాగా చూసేది. "నాకూ బాధగా ఉంది. ఎవరికీ చెప్పుకోలేకపోయాను" అని రెండు వాక్యాలు పంపాను. ఆవిడ వెంటనే ఫోన్ చేసింది. చాలాసేపు ఆయన్ని తిట్టుకున్నాం, ఇద్దరం కలిసి. అంత తేలిగ్గా ఊపిరి తీసుకుని ఎన్నాళ్లయిందో.

కోడ్‌కూలీ
మొండిఘటం అన్నా, మీటింగ్ అప్‌డేట్. టికెట్ పెట్టాను, కానీ తీసేయమని కాదు. ఐటీ వాళ్లు మీటింగ్‌ని ఆయన పేరు నుంచి మా టీమ్ పేరు మీదకి నేరుగా మార్చలేమన్నారు, కొత్తది పెట్టుకోమన్నారు. టీమ్‌లో అడిగితే అందరూ పాతదే ఉంచమన్నారు. ఈ శుక్రవారం మొదటిసారి అందరం అందులో జాయిన్ అయ్యాం. రివ్యూ ఏం జరగలేదు. ఆయన రాసిన కోడ్‌లో ఎవరికీ అర్థంకాని ఒక ఫంక్షన్ ఉంది, దాన్ని ముట్టుకుంటే అన్నీ పడిపోతాయి. అరగంటసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. మేనేజర్ వచ్చి, ఈ టైమ్‌ని ఏ ప్రాజెక్టు కింద రాస్తారని అడిగారు. ఇంకా తేల్చుకోలేదు.